పరుపు తిరగేయడం కూడా ఆరోగ్యరక్షణే



మన ఇండ్లలో పరుపు గురించి రెండే రెండు సందర్భాలలో మాట్లాడుకుంటాము. కొనేటప్పుడు ఒకసారి, పారేసేటప్పుడు ఒకసారి. ఈ రెంటికీ మధ్య అది ఏళ్ళ తరబడి మన బరువు మోస్తూనే ఉంటుంది, కాని దానివైపు చూసేవారుండరు. దుప్పటి మాస్తే ఉతుకుతాము. దిండు గలీబు చిరిగితే కుట్టుకుంటాము. పరుపును మాత్రం కొన్న రోజున ఏ వైపుగా వేశామో చివరి రోజు వరకు ఆ వైపుగానే ఉంచేస్తాము. తర్వాత నడుము నొప్పి అంటూ డాక్టరు దగ్గరకు వస్తాము. లేదా అప్పు చేసి, వాయిదాల మీద మరో పరుపు కొంటాము.

మా అభిప్రాయం ఒక్క మాటలో చెప్పాలంటే ఇది: మూడు నెలలకొకసారి పరుపును తిప్పి వేసుకోవడం పొదుపు మాత్రమే కాదు, ఇంటిల్లిపాది ఆరోగ్యానికి సంబంధించిన పని. మాత్రలు వేళకు వేసుకున్నట్లే, నీళ్ళ తొట్టి కడుక్కున్నట్లే దీనిని కూడా ఇంటి క్రమంలో చేర్చుకోవాలి. ఖర్చు లేదు. ఇద్దరు మనుషులు, పది నిమిషాలు చాలు.

గుంట ఎందుకు పడుతుంది?

మనం పడుకున్నప్పుడు మన బరువు పరుపు మీద అంతటా సమానంగా పడదు. తుంటి భాగంలోను, భుజాల దగ్గర ఎక్కువగా పడుతుంది. ప్రతి రాత్రి అవే చోట్లు నలుగుతాయి. దూది పరుపులో దూది అణిగిపోయి, పక్కలకు జరిగి ఉండలు కడుతుంది. ఫోము పరుపులో ఆ భాగం మెత్తబడి తిరిగి పైకి లేవడం మానేస్తుంది. స్ప్రింగు పరుపులో ఆ చోటి స్ప్రింగులు, వాటి మీది మెత్తలు నీరసిస్తాయి. కొబ్బరి పీచు పరుపులో పీచును పట్టి ఉంచే రబ్బరు విడిపోయి పీచు పొడి అవుతుంది. దీనికి తోడు మన చెమట ప్రతి రాత్రి కొంత లోపలికి ఇంకుతుంది. ఒకే చోట తడి, ఒకే చోట బరువు. ఇక గుంట పడక ఏమవుతుంది?

గుంట పడిన పరుపు మీద పక్కకు తిరిగి పడుకుంటే నడుము వంగిపోయి ఉంటుంది. అటు ఇటు పొర్లడానికి కష్టమవుతుంది. ఉదయం లేవగానే నడుము పట్టేసినట్లుండి, నాలుగు అడుగులు వేశాక సర్దుకునే నొప్పి ఉన్నవారు మందుల కంటే ముందు తమ పరుపును ఒకసారి పరీక్షించాలని మేము కోరుతున్నాము. పరీక్ష సులభం. దుప్పటి తీసివేసి, పరుపుకు అడ్డంగా ఈ అంచు నుండి ఆ అంచుకు ఒక దారం బిగించి పట్టండి. గుంట పడిన చోట దారానికీ పరుపుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. అంగుళం దాటిందంటే ఆ పరుపు మీకు సరిగా ఆనుకోవడం లేదన్నమాట.

అయితే నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరి ఉన్నా, జ్వరంతో కూడినా, మల మూత్రాలు ఆపుకోలేకపోయినా అది పరుపు సంగతి కాదు. వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

తలాపు మార్చడం వేరు, తిరగేయడం వేరు

చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. తలాపు మార్చడం అంటే తల వైపు ఉన్న అంచును కాళ్ళ వైపుకు తేవడం. తిరగేయడం అంటే పై భాగాన్ని కిందికి, కింది భాగాన్ని పైకి వేయడం.

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. ఆరడుగుల పరుపు మీద సాధారణ ఎత్తు గల మనిషి పడుకుంటే అతని తుంటి దాదాపు పరుపు మధ్యలోనే ఉంటుంది. ఒక్కరు పడుకునే మంచం మీద తలాపు మాత్రమే మారిస్తే భుజాల చోటు కాళ్ళ కిందికి పోతుంది గాని, తుంటి మళ్ళీ ఆ మధ్యలోనే పడుతుంది. కాబట్టి ఒంటరి మంచానికి తిరగేయడమే ముఖ్యం. ఇద్దరు పడుకునే డబుల్ కాట్ సంగతి వేరు. అక్కడ పరుపును పూర్తిగా తిప్పితే కుడి పక్క ఎడమ పక్కకు పోతుంది. భార్యాభర్తలలో ఒకరు లావుగా, ఒకరు సన్నగా ఉన్నప్పుడు ఒకే పక్క కుంగిపోకుండా ఇది కాపాడుతుంది. వీలైన పరుపుకు రెండూ చేయడం అన్నిటికంటె మంచిది.

ఏ పరుపుకు ఏది?

దూది పరుపు, బూరుగు దూది పరుపు: రెండు వైపులా వాడవచ్చు. పదిహేను రోజులకొకసారి ఎండలో వేసినప్పుడే తిరగేసి, తలాపు మార్చి వేసుకోవాలి. దూది ఉండలు కడితే ఎన్నిసార్లు తిప్పినా లాభం లేదు. విప్పించి ఏకించి మళ్ళీ కుట్టించాలి. ఒకప్పుడు దూది ఏకేవారు విల్లు భుజాన వేసుకొని వీధిలోకే వచ్చేవారు. ఇప్పుడు ఎక్కువగా మిషను పెట్టుకున్న దుకాణానికే మనం తీసుకువెళ్ళాలి. దూది ఏకే చోట ఆస్తమా ఉన్నవారు నిలబడకూడదు. బూరుగు దూది నూలు దూదిలా తడిని పీల్చదు గాని దాని పోగు పెళుసు. నలిగి నలిగి పొడి అయితే ఏకించినా పూర్వపు మెత్తదనం రాదు. అప్పుడు కొంత కొత్త దూది కలపాలి.

కొబ్బరి పీచు పరుపు: రెండు వైపులా వాడవచ్చు. మూడు నెలలకొకసారి తిరగేయాలి. మడత పెట్టకూడదు. నీళ్ళతో కడగకూడదు. ఇందులో రబ్బరు ఉంటుంది గనుక మండుటెండలో గంటల తరబడి వేయకూడదు. నీడలో గాలికి నిలబెట్టాలి.

మామూలు ఫోము, రెండు వైపుల స్ప్రింగు పరుపు: కొన్న మొదటి మూడు నాలుగు నెలలు నెలకొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి. ఫోము ఎండకు పసుపెక్కి పెళుసుబారుతుంది గనుక దానికి కూడా నీడే మంచిది.

ఒక వైపే వాడే పరుపు: మెమరీ ఫోము పరుపులు, పైన అదనపు మెత్త కుట్టిన స్ప్రింగు పరుపులు ఈ కోవలోనివి. వీటిలో మెత్తటి పొర పైన, గట్టి పొర కింద ఉంటుంది. తిరగేస్తే గట్టి పొర మీద పడుకోవలసి వస్తుంది. వీటికి తలాపు మాత్రమే మార్చాలి. దుకాణంలో “ఈ పరుపు తిరగేయనక్కరలేదు” అంటే ఇక ముట్టుకోనక్కరలేదని అర్థం కాదు. కొనేటప్పుడే ఏ రకమో అడిగి, గ్యారంటీ కాగితం చదివి, బిల్లుతో పాటు దాచుకోండి.

ఇంకొక మాట. పరుపు కింద ఉన్న మంచం సరిగా లేకపోతే పరుపు తిప్పి ప్రయోజనం లేదు. నవారు వదులైతే బిగించాలి. నులక మంచానికి కాళ్ళ వైపు తాడు బిగించాలి. చెక్క మంచంలో విరిగిన పలక మార్చాలి. మంచం కుంగితే దానితో పాటు పరుపూ కుంగుతుంది.

ఫ్యాను ఆపండి, ఒంటరిగా ఎత్తకండి

పరుపు తిప్పబోయి నడుము పట్టించుకుంటే వైద్యం కోసం చేసిన పనే రోగం తెచ్చినట్లవుతుంది. కాబట్టి ఈ జాగ్రత్తలు తీసుకోండి.

మొదట సీలింగు ఫ్యాను ఆపి, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగండి. దోమతెర తాళ్ళు విప్పండి. దుప్పట్లు, దిండ్లు తీసివేయండి. ఇద్దరు చెరొక చివర నిలబడండి. పరుపును సగం వరకు మంచం బయటికి జరిపి, పొడవు అంచు మీద నిలబెట్టండి. పొట్టి అంచు మీద నిలబెడితే అది నేరుగా ఫ్యాను దాకా పోతుంది. నిలబెట్టిన తర్వాత ఇద్దరూ ఒకేసారి అవతలి వైపుకు మెల్లగా వాల్చండి. నడుము వంచి ఎత్తకుండా మోకాళ్ళు వంచండి. పరుపును ఒంటికి దగ్గరగా పట్టుకోండి.

గర్భిణీ స్త్రీలు, కొత్తగా ప్రసవించినవారు, సిజేరియన్, హెర్నియా, కంటి ఆపరేషన్ అయినవారు, గుండె జబ్బు ఉన్నవారు ఈ పని చేయకూడదు. మన ఇండ్లలో ఇటువంటి పనులు తెల్లవారుజామున ఇంటి ఇల్లాలు ఒక్కతే చేసుకుంటుంది. ఆమెకు నడుము నొప్పి వస్తే మళ్ళీ మంచి పరుపు కావలసిందీ ఆమెకే. మగపిల్లలూ ఈ పని నేర్చుకోవాలి. సెలవు రోజున అన్నదమ్ములిద్దరూ కలిసి ఇంట్లోని పరుపులన్నీ తిప్పితే అరగంటలో అయిపోతుంది.

ఎప్పుడు తిప్పామో గుర్తుండదు అంటారా? పరుపు రెండు వైపులా మూలల్లో చిన్న గుడ్డముక్కలు కుట్టి, ఒక వైపు తలాపున జనవరి అని, కాళ్ళ దిక్కున జూలై అని రాయండి. తిరగేసిన వైపు ఏప్రిల్, అక్టోబరు అని రాయండి. నెల వచ్చినప్పుడు ఆ పేరు తలాపున, పైకి కనబడేటట్లు వేసుకుంటే సరి.

దుమ్ము, నల్లులు, తడి

పరుపు తిప్పడం వలన మరొక మేలు ఉంది. అడుగున ఏముందో కళ్ళతో చూస్తాము. పరుపులలో కంటికి కనబడని దుమ్ముపురుగులు ఉంటాయి. అవి కుట్టవు. మన ఒంటి నుండి రాలే చర్మపు పొట్టు తిని బ్రతుకుతాయి. వాటి మలము గాలిలో కలిసి ముక్కులోకి పోవడం వలన కొందరికి తుమ్ములు, పిల్లికూతలు, ఆయాసం వస్తాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న చోట ఇవి బాగా పెరుగుతాయి. కోస్తా జిల్లాల వారు ఈ సంగతి మరీ గమనించాలి. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి వేడి నీళ్ళలో ఉతకాలి. ఆ నీళ్ళు 55 నుండి 60 డిగ్రీల వేడి ఉండాలి. దూది పరుపును ఎండలో వేసి, మధ్యలో ఒకసారి తిరగేసి, కర్రతో దులపాలి. దులపడం ఇంటి బయటే. ఆస్తమా ఉన్నవారు ఆ దరిదాపులకు రాకూడదు.

నల్లులు పరుపు కుట్లలోను, మంచం సందుల్లోను దాగుతాయి. తిప్పినప్పుడు కుట్ల వెంట నల్లటి చుక్కలు, సన్నని రక్తపు మరకలు కనబడితే అవి ఉన్నట్టే. దయచేసి ఒక్క విషయం వినండి. పొలానికి కొట్టే పురుగుమందు పరుపు మీద చల్లకండి. రాత్రంతా ఆ మందు మీద ముఖం పెట్టి పడుకునేది మీ పిల్లలే. దుప్పట్లు వేడి నీటిలో ఉతకడం, మంచం సందుల్లో మరిగే నీళ్ళు పోయడం, పరుపును బాగా ఎండబెట్టడం ఓపికగా మళ్ళీ మళ్ళీ చేయాలి.

వానాకాలంలో ఎండ ఉండదు గనుక పరుపును గోడకు ఆనించి ఫ్యాను గాలికి ఆరబెట్టండి. పిల్లలు పక్క తడిపితే ఆ తడి పూర్తిగా ఆరేదాకా దుప్పటి కప్పకండి. వరద నీటిలో మునిగిన పరుపు సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో ఇండ్లు మునిగాయి. అటువంటప్పుడు మురుగు కలిసిన నీటిలో నానిన పరుపును ఎండబెట్టి మళ్ళీ వాడుకోవాలని అనిపించడం సహజం. పైన ఆరినా లోపల బూజు పడుతుంది. దానిని తిప్పి వేసుకోవడం పొదుపు కాదు. వదులుకోవాలి.

చెక్క మీద పడుకుంటే నడుము నొప్పి పోతుందా?

ఇది మన పెద్దలలో గట్టిగా నాటుకున్న నమ్మకం. నడుము నొప్పి అనగానే పరుపు తీసేసి నేల మీద, బల్ల మీద పడుకోబెడతారు. స్పెయిన్ దేశంలో దీర్ఘకాల నడుము నొప్పి ఉన్న 313 మంది మీద ఒక పరీక్ష జరిపి, దాని ఫలితాలను 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. కొందరికి గట్టి పరుపు, మరికొందరికి ఓ మోస్తరు గట్టి పరుపు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వారికి తెలియనివ్వలేదు. తొంభై రోజుల తర్వాత చూస్తే ఓ మోస్తరు గట్టి పరుపు మీద పడుకున్నవారికే ఎక్కువ ఉపశమనం కలిగింది.

కాబట్టి గుంట పడిన పరుపుకు విరుగుడు బండరాయి కాదు. ఒంటికి ఆనుకుంటూ, కుంగిపోకుండా నిలిచే పరుపు కావాలి. చాలాసార్లు అటువంటిది మన ఇంట్లోనే, మనం వాడుతున్న పరుపు అడుగు భాగంలోనే దొరుకుతుంది. అయితే నెలల పిల్లలకు ఈ లెక్క వర్తించదు. వారిని మెత్తటి దూది పరుపు మీద గాని, గుంటలో గాని పడుకోబెట్టకూడదు. ముఖం కూరుకుపోయి ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. వారికి చదునుగా, గట్టిగా ఉన్న పక్క వేసి, వెల్లకిలా పడుకోబెట్టాలి.

పాత పరుపు ఎవరికి వెళ్తోంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఇంట్లోకి కొత్త పరుపు వచ్చినప్పుడు పాతది ఎక్కడికి పోతుంది? చాలా ఇండ్లలో అది నాయనమ్మ మంచం మీదికో, తాతయ్య మంచం మీదికో పోతుంది. “పెద్దవాళ్ళకు ఇది చాల్లే” అంటాము. ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. అలవాటు మాత్రమే. కాని ఆలోచించండి. యౌవనంలో ఉన్న కొడుకు ఆ మంచం మీద ఆరు గంటలు పడుకొని లేచి పనికి పోతాడు. ఎనభై ఏళ్ళ తల్లి పగలు సగం, రాత్రంతా అక్కడే ఉంటుంది. ఆమె చర్మం పలుచన. ఎముకల మీద కండ తక్కువ. గుంటలో నుండి చేతులు ఊని లేవడం ఆమెకు కష్టం. లేవలేక మూత్రానికి వెళ్ళడం వాయిదా వేస్తుంది, లేదా లేవబోయి తూలి పడుతుంది. ఇంట్లో అందరికంటె మంచి పరుపు కావలసిన మనిషికి మనం అందరికంటె పాడైనది ఇస్తున్నాము. ఆమె అడగదు. “నాకెందుకయ్యా, ఇది బాగానే ఉంది” అంటుంది. ఆ మాట విని మనం ఊరుకోకూడదు.

కొత్త పరుపు కొనే స్తోమత లేని ఇంట్లో కూడా దీనికి మార్గముంది. ఉన్న పరుపులన్నిటికీ దారం పరీక్ష చేయండి. వాటిలో గుంట తక్కువగా ఉన్నది పెద్దవారికి వేయండి. కుర్రవారు చాప మీద పడుకున్నా వారికి నష్టం లేదు.

మంచాన పడినవారు

పక్షవాతం వచ్చి గాని, తుంటి ఎముక విరిగి గాని మంచం మీద ఉన్నవారి విషయంలో పరుపు తిప్పడం కంటె ముందు మనిషిని తిప్పడం ముఖ్యం. ఒకే చోట బరువు పడి పరుపులో గుంట పడినట్లే, ఒకే చోట ఒత్తిడి పడి రక్తం అందక చర్మం చచ్చి పుండు పడుతుంది. తుంటి వెనుక, పిర్రల మధ్య ఎముక మీద, మడమల దగ్గర చూస్తుండాలి. సాధారణంగా రెండు గంటలకొకసారి పక్క మార్చమని చెబుతారు. రోగి స్థితిని బట్టి డాక్టరు, నర్సు ఈ వ్యవధిని మార్చవచ్చు. ఎర్రబడిన చోట రుద్దకూడదు. మధ్యలో రంధ్రమున్న గుండ్రటి రబ్బరు రింగు వాడకూడదు. అది చుట్టూ ఒత్తి రక్తాన్ని ఇంకా ఆపుతుంది. గాలి పరుపు వేసినా రోగిని తిప్పడం మానకూడదు. గాలి పరుపు కింద, తుంటి వచ్చే చోట అరచేయి పైకి పెట్టి చూడండి. రోగి ఎముక మీ చేతికి తగులుతుంటే గాలి చాలడం లేదని అర్థం.

మంచం మీదనే ఉన్నవారి పరుపుకు రెక్సిన్ ముసుగు వేసి, దాని మీద నూలు దుప్పటి ముడతలు లేకుండా పరచండి. రోగిని కుర్చీలోకి మార్చినప్పుడు ఎవరైనా సాయం పట్టి పరుపు తిప్పండి.

ఎప్పుడు వదులుకోవాలి?

తిప్పడం వలన పరుపు జీవితకాలం పెరుగుతుంది. చచ్చిన పరుపు బ్రతకదు. రెండు వైపులా గుంటలు పడినా, స్ప్రింగు ఒంటికి గుచ్చుకుంటున్నా, బూజు వాసన పోకపోయినా, పీచు పొడి రాలుతున్నా ఇక దానిని తిప్పి లాభం లేదు. అప్పుడు కొనడం దుబారా కాదు. కొన్న తర్వాత మొదటి నెల నుండే తిప్పడం మొదలుపెడితే, తర్వాతి పరుపు కోసం అప్పు చేసే రోజు కొంత దూరం జరుగుతుంది.

క్రిస్మస్‌కు ఇల్లు కడిగి సున్నం వేసేటప్పుడు సామానంతా బయట పెడతాము గదా. అంతవరకు ఆగకండి. ఈ పత్రిక చదవడం పూర్తయ్యాక ఇంట్లో మరొకరిని తోడు పిలిచి, ఫ్యాను ఆపి, మొదట పెద్దవారి గదిలోని పరుపు ఎత్తి చూడండి. దాని అడుగు భాగం ఎలా ఉందో చూస్తే మిగిలిన పని మీకే తెలుస్తుంది.